ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ వాడాక

ఫెనిటాయిన్ నాకు మేలే చేసింది. పెద్ద ఫిట్స్ ఆగిపోయి చాలా ఏళ్లయింది. మూర్ఛకు పనిచేస్తుందని 1938లో తేలిన మందు, తర్వాత ఎన్ని కొత్తవి వచ్చినా ఇంకా వాడుకలో ఉందంటే ఊరికే కాదు. కానీ రోజూ మాత్ర వేసుకుంటున్నాం కదా, ఇక చూసుకోనక్కర్లేదు అనుకోవడానికి వీల్లేని మందు ఇది.

అసలు చిక్కు డోసుతోనే. చాలా మందులు కాస్త పెంచితే రక్తంలోనూ కాస్తే పెరుగుతాయి. దీన్ని కాలేయం ఒక హద్దు వరకే ఖర్చు చేయగలదు. ఆ హద్దు దగ్గర పడ్డాక కొంచెం పెంచినా లెవెల్ అమాంతం ఎగబాకుతుంది. మామూలుగా మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలంటారు. నాకు డోసు పెంచిన కొన్నాళ్లకు అడుగు పక్కకు పడేది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. పక్కకు చూసినప్పుడు నా కళ్లు అదురుతున్నాయని ఇంట్లోవాళ్లు గమనించారు. పరీక్ష చేయిస్తే లెవెల్ 20 దాటింది. డాక్టరు డోసు తగ్గించాక తూలడం పోయింది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువుంటే రిపోర్టు బాగున్నట్టే కనిపించి లోపల మందు ఎక్కువై ఉండొచ్చు, అది కూడా అడిగి చూపించుకోండి.

తర్వాత చిగుళ్లు. ముందు పళ్ల సందుల్లో ఉబ్బి, మెల్లగా పళ్ల మీదికి పాకాయి. బ్రష్ తగిలితే రక్తం. మందు రాసినప్పుడు ఈ మాట ఎవరూ చెప్పలేదు, అందుకు నాకు ఇప్పటికీ కోపమే. మొదటి నుంచీ పళ్ల డాక్టరుకు చూపించుకుంటూ, పళ్లు శుభ్రంగా ఉంచుకుంటే చాలా వరకు తగ్గుతుంది. ఎక్కువకాలం వాడితే ఎముకలూ బలహీనపడతాయి, విటమిన్ డి చూపించుకోవాలి.

మొదటి వారాల్లో జ్వరంతో ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. కొందరికి అది ప్రాణాంతకమవుతుంది. గర్భనిరోధక మాత్రల పనితనాన్ని ఈ మందు తగ్గిస్తుంది, కడుపులో బిడ్డకూ హాని చేయగలదు. కాబట్టి పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. భయపడి సొంతంగా మానేయడం మాత్రం వద్దు, ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఫిట్స్ అదుపులో ఉన్నాయి కాబట్టి నేను దీన్నే కొనసాగిస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే, కొత్త మందుల్లో తమకు సరిపడేది ఉందేమో డాక్టరును అడగమంటాను. ఇంకో సంగతి: మందులషాపులో కంపెనీ మార్చి ఇస్తే, మిల్లీగ్రాములు ఒకటే కదా అని తీసుకోకండి. లెవెల్ మారొచ్చు, ముందు డాక్టరుకు చెప్పండి.