పద్ధతికి నిండు మార్కులు, ఆడియోకు సగం: కండరాల సడలింపు శిక్షణపై ఒక రోగి సమీక్ష

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయి, కీమో మొదలైన రోజుల్లో, ఆందోళన తగ్గడానికి రోజుకు రెండుసార్లు వినమని మా చికిత్సా కేంద్రంలోని కౌన్సెలర్ నాకు ఒక ఆడియో ఇచ్చారు. ఇరవై నిమిషాల ఆ ఆడియో నేర్పేది ప్రోగ్రెసివ్ మజిల్ రిలాక్సేషన్ అనే పద్ధతిని. అంటే ఒంట్లోని కండరాలను కొన్ని కొన్నిగా బిగపట్టి, ఒక్కసారిగా వదిలేసి, ఆ రెండు స్థితుల మధ్య తేడాను గమనించడం. మూడు నెలలు వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లోనే దీనిపై పుస్తకం ప్రచురించారు. ఆయన సుదీర్ఘ శిక్షణను 1973లో బెర్న్‌స్టీన్, బోర్కోవెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 16 కండర సమూహాలకు కుదించగా, నేడు చాలాచోట్ల నేర్పేది దాదాపు ఆ రూపమే. చికిత్స పొందుతున్న క్యాన్సర్ రోగుల ఆందోళనకు సడలింపు పద్ధతులను సూచించవచ్చని అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాల్లో పేర్కొంది. ఇవేవీ తెలియకముందు నాకది కాలక్షేపపు సలహాలాగే తోచింది.

నా అభిప్రాయం మారింది పిడికిలి దగ్గర. కుడి పిడికిలిని ఏడు సెకన్లు బిగించి వదిలినప్పుడు వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి, అరచేతిలో గోళ్ల గుర్తులు మిగిలాయి, ముంజేతిలోకి వెచ్చదనం పాకింది. ఆ వదులుతనం ఎలా ఉంటుందో తెలిశాకే, పొద్దుటి నుంచి నా దవడ బిగుసుకునే ఉందని, భుజాలు చెవులను అంటుకుంటున్నాయని గ్రహించాను. భయపడవద్దని మనసుకు ఎంత చెప్పినా వినదు గాని, భుజం మాత్రం చెబితే దిగుతుంది. అది దిగితే ఊపిరి నిదానిస్తుంది. నాలుగో విడత నాటికి, మందు ఎక్కించకముందే, స్పిరిట్ వాసనకే నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ఇటువంటి ముందస్తు వికారానికి ఈ సాధనను దశాబ్దాలుగా వాడుతున్నారట. నాకు అది పూర్తిగా పోలేదు, కాని సూది గుచ్చేవరకు కుర్చీలో కుదురుగా కూర్చోగలిగాను.

ఇక ఆడియో సంగతి. బిగింపుకు ఏడు సెకన్లు ఇచ్చి, వదిలాక పది సెకన్లకే తరువాతి కండరానికి పరుగెత్తిస్తుంది. నిజానికి ముప్పై నలభై సెకన్లు ఉండవలసిన ఆ విరామంలోనే అసలు పాఠమంతా ఉంది. నేపథ్య సంగీతం గురించి చెప్పకపోవడమే మర్యాద. అంతకంటే పెద్ద లోపం, వినేవారి శరీరం ఎటువంటిదో అడగకుండా అందరికీ ఒకటే ఆజ్ఞ ఇవ్వడం. "భుజాలను గట్టిగా పైకి లాగండి" అన్నప్పుడు, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న వైపు కలుక్కుమని రెండు రోజులు నొప్పి పెట్టింది. పాదాలను ఎక్కువసేపు బిగించమంటే పిక్క పట్టేసింది.

దీన్ని సరిదిద్దింది ఫిజియోథెరపిస్ట్. ఆపరేషన్ జరిగిన వైపును బిగించకుండా, అక్కడి కండరాలు వదులవుతున్నట్లు ఊహించుకుంటే చాలన్నారు. మిగిలినచోట్ల కూడా సగం బలమే వాడమన్నారు. వ్యాధి ఎముకలకు పాకినవారు వైద్యుణ్ణి అడగనిదే ఏ కండరాన్నీ బిగించరాదని హెచ్చరించారు. కళ్లు మూసుకుంటే గుబులు పెరిగేవారు తెరిచే చేయవచ్చు. ఈ నాలుగు మాటలు ఆడియో మొదట్లో చేర్చడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

తీవ్రమైన కుంగుబాటుకు చేసే చికిత్సకు ఇది ప్రత్యామ్నాయం కాదు. అటువంటివారికి మానసిక వైద్యుల సాయం తప్పనిసరి. మిగిలినవారు మొదటి రెండు మూడుసార్లు ఎవరైనా ఎదుట కూర్చుని నేర్పితేనే మొదలుపెట్టాలని, ఆడియోను ఆ తరువాతి సాధనకే ఉంచుకోవాలని నా సూచన. నేనైతే ఇప్పుడు ఆ ఆడియో పెట్టడం లేదు. స్కాన్ ఫలితం కోసం వేచి ఉన్నప్పుడు, పక్కవారికి తెలియకుండా, ఒడిలోని సంచీ కింద ఎడమ పిడికిలిని బిగించి వదులుతాను.