జన సుణాణికి వెళ్లొచ్చాం: కుర్చీలకి ఫుల్ మార్కులు, మైకుకి సున్నా

హోటళ్లకీ మొబైళ్లకీ అందరూ రివ్యూలు రాస్తారు కదా, నేను ఈసారి ఓ పబ్లిక్ హియరింగ్‌కి రాస్తున్నా. నవ్వకండి, అదీ ఒక సర్వీసే, గవర్నమెంటు మనకి ఇవ్వాల్సిన సర్వీసు, బాగుందో బాలేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా. మా ఒడిశా వైపు దీన్ని జన సుణాణి అంటారు, జనం చెప్పేది వినడం అన్నమాట. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండున్నర, అందులో ఒకటిన్నర మా పెద్దమ్మ పుణ్యం.

ఏ డ్యాం, ఏ జిల్లా అని మాత్రం అడక్కండి, కోరాపుట్, మల్కనగిరి, రాయగడ ఈ మూడిట్లో ఏదో ఒకటి అనుకోండి, పేరు రాస్తే రేపు ఊళ్లో నాకే తలనొప్పి. నేను పుట్టకముందు కట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టు. ఇప్పుడు దానికి పంప్డ్ స్టోరేజ్ అని కొత్తది తగిలిస్తారట. సంగతేంటంటే పాత రిజర్వాయరే కింద తొట్టి అవుతుంది, కొండ మీద ఇంకో తొట్టి కడతారు, పగలు సోలార్ కరెంటు మిగిలిపోయినప్పుడు కింద నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం అందరూ లైట్లూ ఏసీలూ వేసే టైముకి పైనుంచి వదిలి కరెంటు తీస్తారు. ఐడియా బాగానే ఉంది, నాకేం గొడవ లేదు. గొడవల్లా ఆ కింద తొట్టి ఒడ్డునే మా పెద్దమ్మ వంకాయలు పండిస్తుంది.

డ్యాములో నీళ్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు కదా. వానలకి నిండుతుంది, సంక్రాంతి దాటాక మెల్లగా దిగుతుంది, దిగినకొద్దీ ఒండ్రు నేల బయటపడుతుంది, ఆ నేలలో దుక్కి కూడా పెద్దగా అక్కర్లేదు, వంగ, టమాటా, పెసలు ఏదేస్తే అది వస్తుంది, మళ్లీ వానలు పడేలోపు కోసేసుకోవాలి. పట్టా ఉండదు, ఎందుకంటే కాగితం మీద అది నీళ్లు. ముంపులో పొలం పోయిన వాళ్లలో చాలామందికి ఇప్పటికీ కూర ఇచ్చేది ఆ నేలే. ఇప్పుడు నీళ్లు రోజుకోసారి ఎక్కి దిగితే ఏంటి పరిస్థితి? ఇంజనీర్లు చిన్న తేడాయే అంటారు, నిజమే, డ్యాం గోడ దగ్గర నిలబడి చూస్తే చిన్నదే. చదును నేల ఉన్న వైపు వచ్చి చూడండి, మట్టం ఒక్క అడుగు పెరిగితే నీళ్లు ఎంత దూరం పాకుతాయో, పెద్దమ్మ మడి మొత్తం ఆ అడుగులోనే ఉంది.

సరే, రివ్యూలోకి వద్దాం. మొదట కబురు. 2006 ఈఐఏ (ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో అంచనా వెయ్యడం) నోటిఫికేషన్ ప్రకారం హియరింగ్‌కి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పేపర్లోనూ ఒక ప్రాంతీయ భాషా పేపర్లోనూ ప్రకటన వెయ్యాలి, పేపర్ రాని చోట డప్పు కొట్టించైనా చెప్పాలి, నిజంగా డప్పు అనే ఉంది రూల్లో. పేపర్లో వేశారు, అందులో అబద్ధం లేదు. మా ఊరికి పేపర్ రాదు. డప్పు మోత ఎవరికీ వినపడలేదు, ఆటోకి మైకు కట్టి తిప్పారని ఒకాయన అన్నాడు, ఆ ఆటో సంత రోజున వచ్చిందట, సంత రోజు ఊళ్లో ఎవరుంటారండీ, కోళ్లూ కుక్కలూ తప్ప. మాకు అసలు తెలిసింది జెరాక్స్ షాపు కుర్రాడి వల్ల. ఎవరో ప్రకటన కాపీలు తీయించుకోడానికి వస్తే ఊరి పేరు చూసి నాకు ఫోటో పంపాడు. అప్పటికి పన్నెండు రోజులే ఉంది.

ఆ ఈఐఏ రిపోర్టు చూడ్డానికి ఆఫీసుకి వెళ్లా. చూపించారు, మర్యాదగానే చూపించారు, టేబులూ కుర్చీ ఇచ్చారు, ఫ్యాన్ కూడా వేశారు. వందల పేజీలు, అంతా ఇంగ్లీషు, చివర ఒడియాలో సారాంశం. మా ఊళ్లో సగం ఇళ్లు తెలుగోళ్లవి, పక్క ఊళ్లలో దేశియా మాట్లాడతారు. పెద్దమ్మ ఒడియా గడగడా మాట్లాడుతుంది, సంతలో బేరం ఒడియాలోనే, చదవడం మాత్రం తెలుగొక్కటే వచ్చు, అదీ కూడబలుక్కుని. ఇక్కడ ఒకమాట, ఈ కోరాపుట్ ఏరియా అంతా 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలోదే, మేమేం నిన్న వలసొచ్చిన వాళ్లం కాదు, స్థానిక భాష అంటే ఒక్కటే అనుకుంటే ఎలాగ? నేను ఫోన్లో పేజీలు ఫోటో తీసుకున్నా, కాదనలేదు. నీటిమట్టం గురించి వెతికితే ఒక చిన్న పేరా దొరికింది. ఒడ్డున సాగు గురించి ఒక్క ముక్క లేదు.

ఆ రాత్రి మా బావకి ఫోన్ చేశా, మా అప్ప మొగుడు, సాక్రమెంటోలో ఉంటాడు, దేనికైనా అమెరికాలో అయితేనా అని మొదలెట్టే రకం, ఈసారి మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు. అక్కడ జలవిద్యుత్ డ్యాములకి లైసెన్సు ఉంటుందట, దానికి ఎక్స్‌పైరీ డేటు ఉంటుందట! ఫెర్క్ అనే సంస్థ (అక్కడి ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్) 30 నుంచి 50 ఏళ్లకి ఇస్తుంది (ఫెడరల్ గవర్నమెంటు సొంత డ్యాములు దీని కిందకి రావు). గడువు ముగిసే ఐదేళ్ల ముందే కంపెనీ నాకు మళ్లీ లైసెన్సు కావాలి అని నోటీసు ఇవ్వాలి, అప్పట్నుంచి మీటింగులు, చేపలు పట్టేవాళ్లు, పడవలోళ్లు, అక్కడి ఆదివాసీ తెగలు, ఒడ్డున ఇళ్లున్నోళ్లు ఎవరైనా వచ్చి ఫలానా విషయం మీద స్టడీ చెయ్యండి అని అడగొచ్చు, ఆ స్టడీలయ్యాక గడువుకి రెండేళ్ల ముందు అసలు అప్లికేషన్. 1986లో చట్టం మార్చి కరెంటుతో పాటు చేపలకీ పర్యావరణానికీ జనం వాడకానికీ సమానంగా విలువివ్వాలి అన్నారు. కింద నదికి కనీసం ఎన్ని నీళ్లు వదలాలి, మట్టం ఎంత స్పీడుగా దింపొచ్చు లాంటివి లైసెన్సు షరతుల్లో రాస్తారు. అదిగో, మా పెద్దమ్మ ప్రశ్న అక్కడ షరతు అన్నమాట.

ఊరికే తంతు కూడా కాదు. మెయిన్ రాష్ట్రంలో కెన్నబెక్ నది మీద ఎడ్వర్డ్స్ డ్యాం అని 1837లో కట్టింది ఉండేది, కరెంటు మూడున్నర మెగావాట్లే, చేపలు పైకెళ్లే దారి మూసేసింది, 1997లో ఫెర్క్ లైసెన్సు ఇవ్వను, తీసెయ్యండి అంది, 1999లో నిజంగానే పగలగొట్టేశారు. అలాగని అక్కడంతా స్వర్గం అనుకోకండి. బావ వాళ్లింటికి పైన ఓరోవిల్ డ్యాం ఉంది, దాని లైసెన్సు 2007లో అయిపోయింది, కొత్తది తేలక ఏళ్ల తరబడి ఏడాదికేడాది పొడిగింపు మీదే నడిచింది, మధ్యలో 2017లో స్పిల్‌వే (ఎక్కువైన నీళ్లు వదిలే దారి) దెబ్బతిని సుమారు 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆలస్యాల్లో మనమూ వాళ్లూ అన్నదమ్ములమే.

మన దగ్గర ఈ ఎక్స్‌పైరీ డేటు అనేదే లేదు. మా తాత మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు పనికి వెళ్లినవాడు, అది 1955 నుంచి తిరుగుతోంది, ఆరు యూనిట్లు, 114.75 మెగావాట్లు, ఆంధ్రా ఒడిశా రెండిటి ఉమ్మడి సొత్తు. కరెంటు వాటా ఎవరికెంత అని రెండు రాష్ట్రాలూ మళ్లీ కూర్చుని మాట్లాడుకున్నాయి, బానే ఉంది. ముంపు ఊళ్ల వాళ్లని ఇన్నేళ్లకోసారి మళ్లీ కూర్చోబెట్టి అడగాలి అన్న రూలు మాత్రం లేదు. ఇలాగ కొత్తగా ఏదన్నా తగిలించినప్పుడే జన సుణాణి, అదీ కొత్త ముక్క మీదే, పాతది అడిగితే అజెండాలో లేదంటారు.

ఇక ఆ రోజు. షామియానా పెద్దది, కుర్చీలకి తెల్ల తొడుగులు, మా ఊరి పెళ్లిళ్లలో కూడా అలాంటివి చూళ్లేదు. మంచినీళ్ల ప్యాకెట్లు ఎన్నంటే అన్ని. టిఫిన్ పొట్లంలో ఉప్మా, రెండు బొరాలు, గుగుని, బొరాలు వేడిగా ఉన్నాయి, దీనికి ఐదుకి ఐదు. మైకు ఘోరం. ప్రాజెక్టు వాళ్లు తెర మీద బొమ్మలేసి అరగంట చెప్పారు, వెనక కూర్చున్న మాకు గుయ్యిమనే మోతలో మెగావాట్లు అన్న మాటొక్కటే అందింది. ముందు రెండు వరసలూ రిజర్వు, ఎవరికో తెలీదు, చివరిదాకా సగం ఖాళీ. ఇంకో సంగతి, దీనికి కోరం ఉండదు, పదిమంది వచ్చినా మొదలెట్టొచ్చు, కాబట్టి మనం వెళ్లకపోతే ఆగుతుందిలే అనుకునేవాళ్లు ఆ భ్రమ వదులుకోండి.

ఎక్కువమంది ఉద్యోగాలు అడిగారు. ఒక పెద్దాయన చిత్రకొండ వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చాడట, మీకు ఇక్కడ సంబంధం లేదన్నా వినకుండా, బలిమెల డ్యాం నీళ్ల మధ్య చిక్కుకుపోయిన 151 ఊళ్లకి బ్రిడ్జి అని 1982లో రాయి వేశారు, ఆ బ్రిడ్జి, అదే గురుప్రియా సేతు, తెరిచింది 2018లో, మీరిచ్చే మాటకి ఎన్నేళ్లు వేసుకోమంటారు అన్నాడు. చప్పట్లు ఆయనకే ఎక్కువ పడ్డాయి.

తర్వాత పెద్దమ్మ. చేతిలో జెరాక్స్ కుర్రాడు ఒడియాలో టైపు చేసిచ్చిన కాగితం, పేజీకి ముప్పై తీసుకున్నాడు, కొట్టాక మొత్తం పైకి చదివి వినిపించి, సరేనా పెద్దమ్మా అని అడిగి మరీ ప్రింటు తీశాడు, వాడికి పది స్టార్లు. కాగితం టేబుల్ మీద పెట్టేసి మైకు తలకిందులుగా పట్టుకుని తెలుగులోనే మొదలెట్టింది. "బాబూ, కరెంటు తీసుకోండి, నానొద్దన్నేదు. సంకురేత్రి ఎల్లినాక నీళ్లు దిగుతాయి, నాను ఇత్తనం ఏత్తాను. ముప్పై ఏళ్లుగా నీళ్లకీ నాకూ ఒక లెక్కుంది. ఇప్పుడు రోజుకోపాలి ఎక్కి దిగితే నాను ఇత్తనం ఎప్పుడెయ్యాలో ఆ లెక్క సెప్పండి. సెప్పలేపోతే నీళ్లు ఎందాకా వత్తాయో రాయి పాతండి." నేను పక్కన నిలబడి ఒడియాలో చెప్పా. ఒకాయన స్టడీ చేశాం, ప్రభావం నామమాత్రం అన్నాడు. నామమాత్రం అంటే ఏట్రా అని నన్నడిగింది, మైకులోనే. నాకు తెలుగులో ఏం చెప్పాలో తోచలేదు.

అసలు పాయింటు చివర్లో ఉంది, అందుకే మధ్యలో లేచెళ్లిపోకండి. జనం చెప్పినవన్నీ మినిట్స్ రాసి, అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి, కలెక్టరో ఆయన తరఫున వచ్చినవాళ్లో అదే రోజు సంతకం పెట్టాలి, వీడియో కూడా తీయాలి. టిఫినవ్వగానే ముప్పాతిక మంది వెళ్లిపోయారు, మినిట్స్ చదివేసరికి యాభైమంది కూడా లేం. పెద్దమ్మ మాట 'ఒక మహిళ నీటి గురించి తెలియజేశారు' అని వచ్చింది. ఆగ్యా (ఒడియాలో అయ్యా అని), అలా కాదు అన్నా. వాళ్లు కసురుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మట్టం, ఒడ్డు సాగు, హద్దు రాయి మూడూ చేర్చి మళ్లీ చదివారు, పెద్దమ్మ రాయి అన్న మాట విన్నాక కూర్చుంది. వాళ్లకి పడ్డ ఒక స్టారు దీనికే.

ఎడిట్: మినిట్స్ పంచాయతీ ఆఫీసులో అంటించారంటే నిన్న వెళ్లి చూశా. పద్నాలుగో నంబరు మాది. హద్దు రాయి ఉంది, ఒడ్డు సాగు ఉంది, జలస్తర అని ఉండాల్సిన చోట జలకర అని పడింది, అంటే మా పెద్దమ్మ నీటిమట్టం కాదు, నీటి పన్ను అడిగినట్టయింది. సవరణ లెటరు కోసం మళ్లీ జెరాక్స్ షాపుకెళ్లా, ఈసారి కుర్రాడు డబ్బులు తీసుకోలేదు, ఆ ముక్క రెండుసార్లు పైకి చదివి, కింద గీత గీసి ఇచ్చాడు.