గురకకు సీపాప్ మిషనా, దవడ క్లిప్పా?

మా శ్రీకాకుళం వైపు గురక పెడితే ఒళ్లు తెలియని నిద్ర అంటారు. మా మావయ్యకు మాత్రం నిద్రలో గొంతు మూసుకుపోయి, గంటకు 30 సార్లకు పైగా ఊపిరి అడ్డుపడుతోందని స్లీప్ టెస్టులో తేలింది. అంటే తీవ్ర దశే. అక్కడ సీపాప్‌దే పైచేయి. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కోలిన్ సలివన్ బృందం పరిచయం చేసిన పద్ధతి ఇది. మాస్కులోంచి ఒత్తిడితో వచ్చే గాలి గొంతు దారిని మూసుకుపోనివ్వదు. ముక్కు ఎండిపోతుంది, మాస్కు ఒరుసుకుంటుంది, కొందరు నెల తిరక్కుండానే అటకెక్కిస్తారు. పైగా కరెంటు కావాలి. 2018 తిత్లీ తుపాను చీకట్లు చూసినవాళ్లం, ఇన్వర్టర్ ముందే కొన్నాం.

పళ్ల డాక్టర్ కొలత తీసి చేయించే క్లిప్పు కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది. కరెంటు అక్కర్లేదు, జేబులో పడుతుంది. తక్కువ, మధ్యస్థ దశలకు నా ఓటు దీనికే. కాకపోతే సొంత పళ్లు గట్టిగా ఉండాలి. మావయ్యవేమో కట్టుడు పళ్లు!