‘డబుల్ బ్యాటరీ ఉంది’ అన్నారని క్యాంపర్ వ్యాన్‌కు బయానా ఇవ్వకండి

పాత టెంపో ట్రావెలర్‌లోనో ఈకోలోనో మంచం, ఫ్రిజ్, ఫ్యాన్ బిగించి క్యాంపర్ వ్యాన్ అని అమ్ముతున్న బండ్ల గురించి ఈ హెచ్చరిక. ఒంటరిగా ములుగు జిల్లాలోని లక్నవరం, బొగత, మేడారం వైపు తిరుగుదామని కొనేవాళ్లు తప్పకుండా చదవండి.

అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటే: “డబుల్ బ్యాటరీ అన్నా, రాత్రంతా ఫ్రిజ్ నడుస్తది.” రెండో బ్యాటరీ ఉంటుంది, అది నిజమే. కానీ కొన్ని బండ్లలో దాన్ని ఇంజిన్ బ్యాటరీకి ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ నేరుగా కలిపి వదిలేస్తున్నారు. ఇంజిన్ ఆగినప్పుడు రెండింటినీ విడదీసే స్విచ్, అంటే ఐసోలేటర్ రిలే, మధ్యలో ఉండదు. అప్పుడు రెండూ కలిసి ఒకే బ్యాటరీ కింద లెక్క. 12 వోల్టుల ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగినంతసేపు 4–5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్యాన్, లైట్లు, ఫోన్ చార్జింగ్ కలిపితే ఎండాకాలం రాత్రి సులువుగా 30–40 ఆంపియర్-అవర్లు ఖాళీ. ఒకదాని వయసు ఎక్కువైతే అది రెండోదాన్నీ కిందికి లాగుతుంది. తెల్లారి తాళం తిప్పితే సెల్ఫ్ కట్ కట్ మంటుంది, అంతే. నెట్టి స్టార్ట్ చేద్దామంటే రెండు టన్నులు దాటిన ట్రావెలర్‌ను ఒక్క మనిషి కదపలేడు. కదిపినా, కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) కరెంటు అందకపోతే ఇంజెక్టర్లు తెరుచుకోవు.

“సోలార్ ఉంది కదా” అని కూడా అంటారు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 30 ఆంపియర్-అవర్ల దాకా ఇస్తుంది. బొగత జలపాతంలో నీళ్లుండేది వానాకాలంలో. ముసురు పట్టిన రోజు, పైగా తాడ్వాయి చెట్ల నీడలో, దాన్ని నమ్ముకోవద్దు.

పరీక్ష తేలికే. మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. పొద్దున్నుంచి బండి స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి, మొహమాటపడకండి. ముందు ఇంజిన్ బ్యాటరీ వోల్టేజీ చూడండి: 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. తర్వాత ఇంజిన్ ఆపి ఉంచే ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లు అన్నీ వేసి 20 నిమిషాలు ఆగండి. క్యాంప్ బ్యాటరీ (అంటే ఆ రెండోది) వోల్టేజీ పడాలి, ఇంజిన్ బ్యాటరీది కదలకూడదు. రెండూ ఒకే అంకె చూపిస్తూ కలిసి దిగుతుంటే నేరుగా కలిపేసినట్టే. ఈ పరీక్ష ఇంజిన్ ఆపిన వెంటనే చేస్తే మోసపోతారు. వోల్టేజీని బట్టి పనిచేసే రిలే దాదాపు 13.3 దగ్గర కలిపి, 12.8 దగ్గర విడదీస్తుంది కాబట్టి మంచి వైరింగ్ ఉన్న బండిలోనూ కాసేపు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. చివరగా సెల్ఫ్ కొట్టించండి. ఆ క్షణంలో 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ పని అయిపోవచ్చినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8–14.4 రాకపోతే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌నో దాని బెల్ట్‌నో అనుమానించండి.

రెండో బ్యాటరీ లిథియం అయితే నేరుగా కలపడం ఇంకా ప్రమాదం. అది దొరికినంత కరెంటు మింగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ చార్జర్ ఉండి తీరాలి. ఇన్వర్టర్ వైరు కూడా చూడండి. 1000 వాట్లకు 12 వోల్టుల దగ్గర దాదాపు 100 ఆంపియర్లు పోతాయి. దానికి 6 స్క్వేర్ ఎంఎం వైరు వేశారంటే బండిలో నిప్పు పెట్టుకుని పడుకున్నట్టే. 25కు తగ్గకూడదు, ప్లస్ టెర్మినల్‌కు జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. ఎర్త్ వైరును పెయింటు గీకకుండా బిగించారేమో కూడా చూడండి. బండి ధర ముందు ఐసోలేటర్ ఖరీదు ఏపాటిది? అదే మిగుల్చుకున్నవాడు వైరింగ్‌లో ఇంకెక్కడ కక్కుర్తి పడ్డాడో ఎవరికి తెలుసు!

ఇప్పటికే ఇలాంటి బండి కొని, దారిలో ఆగిపోతే: సాయానికి లారీ ఆగుతుంది, కానీ లారీలది 24 వోల్టుల కరెంటు. దాని బ్యాటరీ నుంచి నేరుగా కేబుళ్లు తగిలించి జంప్ చేస్తే ఈసీయూ పోతుంది, బ్యాటరీ పగలొచ్చు కూడా. ట్రాక్టర్‌ది 12 వోల్టులే, మన దగ్గర ఏ ఊళ్లో అడిగినా దొరుకుతుంది. కేబుళ్లు తగిలించే ముందే పానాతో క్యాంప్ బ్యాటరీ ప్లస్ వైరు విప్పి, కొసకు టేపు చుట్టండి. లేకపోతే ట్రాక్టర్ ఇచ్చే కరెంటులో చాలా భాగం ఆ ఖాళీ బ్యాటరీకే పోతుంది. ఎర్ర కేబుల్ మీ ప్లస్‌కు, తర్వాత ట్రాక్టర్ ప్లస్‌కు. నల్లది ముందు ట్రాక్టర్ మైనస్‌కు, చివరి కొస మీ ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. ట్రాక్టర్‌ను ఐదు నిమిషాలు నడవనిచ్చి సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక కేబుళ్లు తిరగేసిన వరుసలో తీసి, ఏసీ, ఫ్రిజ్ ఆపేసి, ములుగు గానీ హనుమకొండ గానీ చేరేదాకా ఇంజిన్ ఆపకండి.

పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా పోయేది 163వ జాతీయ రహదారి, అక్కడ జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయవచ్చు. లోపలి రోడ్ల మీదైతే 112. సిగ్నల్ లేని చోట చీకట్లో అడవి రోడ్డున నడుచుకుంటూ పోవద్దు. ఎర్ర హెచ్చరిక ట్రయాంగిల్ బండికి వెనక 50 మీటర్ల దూరంలో పెట్టి తలుపులు వేసుకుని బండిలోనే ఉండండి. టోయింగ్ చేయాల్సివస్తే గుర్తుంచుకోండి, ట్రావెలర్, ఈకో రెండూ వెనక చక్రాలు లాగే బండ్లు. ముందు భాగం ఎత్తి దూరం లాక్కెళితే గేర్‌బాక్స్‌లో ఆయిల్ అందక దెబ్బతింటుంది. బండి మొత్తాన్ని ఎక్కించుకునే వాహనమే అడగండి, అది లేకపోతే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు పోయే కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, విప్పించండి. తిరుగు కిలోమీటర్లతో కలిపి రేటు ముందే తెగ్గొట్టుకోండి.

ఆర్‌సీ సంగతి. అందులో ఇంకా మ్యాక్సీ క్యాబ్ అనో, మామూలు కారు అనో ఉండి లోపల మాత్రం మంచం ఉంటే, బండిలో చేసే మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం చిక్కే. క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేదీ అదే. బయానా తప్పనిసరైతే రసీదు మీద రెండు మాటలు రాయించండి: ఆర్‌సీలో మార్పు ఎక్కించి ఇవ్వాలి, బ్యాటరీ పరీక్ష నిలవకపోతే పైసలు వాపస్. సంతకం పెట్టనన్నవాడి బండి మీకొద్దు.