మూడు వేసవులు వాడిన కూలింగ్ ప్యాడ్: కొనేముందు ల్యాప్‌టాప్‌ను తిరగేసి చూడండి

మల్కాజిగిరిలో మేముండేది మూడంతస్తుల ఇంట్లో పై పోర్షన్. ఏప్రిల్ రెండో వారం దాటిందంటే పగలంతా మింగిన ఎండను పైనున్న స్లాబు రాత్రి పదకొండు దాకా గదిలోకి కక్కుతూనే ఉంటుంది. మా తమ్ముడు పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు, నేను ఇంట్లో కూర్చుని ఎడిటింగ్ చేస్తాను. వైశాఖంలో ముహూర్తాలు వరుసగా వస్తాయి కాబట్టి ఏడాది మొత్తంలో మాకు ఎక్కువ పని ఉండేది సరిగ్గా ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లోనే. కూలింగ్ ప్యాడ్ గురించి, అంటే ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక గురించి, ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. మూడు వేసవులుగా నా ల్యాప్‌టాప్ ఒకే ప్యాడ్ మీద పనిచేస్తోంది. దానికి ముందు ఇంకొకటి కొని డబ్బు పోగొట్టుకున్నాను. రెండింటి సంగతీ చెబుతాను.

చలికాలంలో యాభై నిమిషాల్లో ఎక్స్‌పోర్ట్ అయిన, అంటే ఎడిటింగ్ ముగిశాక పూర్తి ఫైలుగా తయారైన, పెళ్లి వీడియో లాంటిదే, అంతే నిడివి, అవే సెట్టింగులు, మే నెలలో గంటా పావు తీసుకుంది. ల్యాప్‌టాప్ పాడైపోతోందని భయపడ్డాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 97 డిగ్రీల దగ్గర నిలబడి ఉంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. నాది మొదటి రెండు నిమిషాలు 3.8 గిగాహెర్ట్జ్‌లో పరుగెత్తి, తరువాత 2.6కు పడిపోయి అక్కడే ఉండిపోయేది. "వీడియో ఎప్పుడిస్తారమ్మా?" అని పెళ్లికూతురి తల్లి మూడోసారి ఫోన్ చేసిన రోజు, ఇచ్చిన మాట తప్పుతున్నానన్న బాధతో సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

ఆ హడావిడిలో ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి మొదటి ప్యాడ్ తెప్పించాను. ఐదు ఫ్యాన్లు, నీలం లైట్లు, 900 రూపాయలు. తీరా చూస్తే తగ్గింది ఒకటి, రెండు డిగ్రీలు. వారం రోజులు వాడాక ల్యాప్‌టాప్‌ను తిరగేసి ప్యాడ్ పక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో అర్థమైంది. ప్యాడ్ నడిమధ్యలో పెద్ద ఫ్యాను ఉంది. నా ల్యాప్‌టాప్‌కు గాలి పీల్చుకునే రంధ్రాలేమో వెనకవైపు, స్క్రీన్ మడతకు దగ్గరగా, కుడి ఎడమల్లో ఉన్నాయి. పెద్ద ఫ్యాను గాలంతా ఏ రంధ్రమూ లేని ప్లాస్టిక్ అట్టకు తగులుతోంది. మూలల్లోని చిన్న ఫ్యాన్లలో రెండు, మనం అరచేతులు ఆనించే భాగం కింద తిరుగుతున్నాయి. అడుగుభాగం చేతికి చల్లగా తగులుతుంటే లోపల కూడా చల్లబడిందనే అనుకుంటాం. ప్రాసెసర్ మాత్రం ఆ చల్లదనానికి దూరంగా ఎప్పటిలాగే 95 దగ్గర కాగుతూ ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో గాలి నడిచే దారి తెలిస్తే ఈ పొరపాటు జరగదు. లోపలి చిన్న ఫ్యాను కింది రంధ్రాల గుండా గాలిని పీల్చి, రాగి గొట్టాలు మోసుకొచ్చిన వేడి చేరే హీట్‌సింక్ రెక్కల మధ్య నుంచి దాన్ని వెనక్కో పక్కకో తోసేస్తుంది. కూలింగ్ ప్యాడ్ చేయగలిగిందల్లా ఆ కింది రంధ్రాల దగ్గరికి గాలిని ధారాళంగా అందించడమే. కాబట్టి ముందు రంధ్రాలు ఎక్కడున్నాయో చూడాలి. అడుగున కనిపించే గీతలన్నీ రంధ్రాలు కావు, కొన్ని అందం కోసం పెట్టినవి, కొన్ని స్పీకర్లవి. నేను చేసిన పరీక్ష చాలా సులువు. ఏదైనా బరువైన పని నడిపించి, లోపలి ఫ్యాను గట్టిగా తిరుగుతున్నప్పుడు ల్యాప్‌టాప్‌ను కొద్దిగా పైకెత్తి, వేలెడు టిష్యూ కాగితం ముక్కను అడుగున అక్కడక్కడ ఆనించాను. గాలి పీల్చే చోట కాగితం అతుక్కుని నిలిచింది. ఆ రెండు చోట్లా స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, కొలతలు కాగితం మీద రాసుకున్నాను. కొనేముందు ఎవరైనా చేయాల్సిన పని ఇదొక్కటే అని నా గట్టి నమ్మకం. ఫ్యాన్లు ఎన్ని, లైట్లు ఏ రంగు అన్నవి దీని తరువాతి మాటలు.

రెండోసారి ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. ఊళ్లో అందరూ సీటీసీ అనే పిలుస్తారు. అమీర్‌పేట వైపు నుంచి వచ్చేవారు మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లవచ్చు. మొదటి రెండు దుకాణాల్లో డబ్బా విప్పడానికి ఒప్పుకోలేదు. మూడో దుకాణంలోని కుర్రవాడు, "ఇది తీసుకోండి అక్కా, ఆరు ఫ్యాన్లు, లైట్ల రంగులు కూడా మారతాయి" అన్నాడు. "లైట్ల సంగతి తరువాత బాబూ, ముందు ఫ్యాన్లు ఎక్కడున్నాయో చూడాలి. ఒక్కసారి ల్యాప్‌టాప్ పెట్టి చూసుకోనిస్తావా?" అని అడిగాను. నాలుగు ప్యాడ్లు ఓపికగా విప్పి చూపించాడు. రెండు పెద్ద ఫ్యాన్లు పక్కపక్కనే, కొంచెం వెనకవైపుగా ఉన్నది ఒకటి నా గుర్తులకు సరిపోయింది. పైన ఇనుప జాలీ, వెనక ఎత్తు మార్చుకునే కాళ్లు, వేగం తగ్గించి పెంచే చక్రం. ఒక కాగితం ముక్కను జాలీ మీద పెట్టి ఆన్ చేయిస్తే పైకి లేచింది, అంటే గాలి పైకే వీస్తోంది. కొన్ని ప్యాడ్లు గాలిని కిందికి లాగుతాయి. కింది నుంచి పీల్చుకునే ల్యాప్‌టాప్‌కు అవి ఎదురు పని చేస్తాయి కాబట్టి ఇది కూడా చూసుకోవాలి. 1,600 చెప్పి 1,350కి ఇచ్చాడు. 

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నమంతా కొలిచాను. గదిలో 34 డిగ్రీలు, సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. ఎక్స్‌పోర్ట్ చేసింది ప్రతిసారీ ఒకే తలంబ్రాల ఘట్టం. బల్ల మీద మామూలుగా పెడితే ప్రాసెసర్ 96 దగ్గర నిలిచి, పని 31 నిమిషాల్లో ముగిసింది. వెనకవైపు రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేస్తే 92 డిగ్రీలు, 28 నిమిషాలు. ప్యాడ్ మీద పెట్టి ఫ్యాన్లు పూర్తి వేగంతో నడిపిస్తే 88 డిగ్రీలు, 26 నిమిషాలు. అంటే నాకు దొరికిన లాభంలో సగం ఫ్యాన్ల వల్ల కాదు, కేవలం అడుగున ఖాళీ దొరకడం వల్ల వచ్చింది. ల్యాప్‌టాప్ రబ్బరు కాళ్ల ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. ఆ సందులోంచి గాలి లాగడానికి లోపలి ఫ్యాను ఎంత కష్టపడుతుందో ఆ చెక్కముక్కలే చెప్పాయి. చేతిలో డబ్బు లేనివారు ముందు ఆ పని చేసి చూడవచ్చు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడే పిల్లలకైతే గట్టి పలక ఒక్కటి ఇచ్చినా పెద్ద తేడా కనిపిస్తుంది.

ఎనిమిది డిగ్రీలు కొందరికి తక్కువగా అనిపించవచ్చు. రోజుకు ఐదారు ఎక్స్‌పోర్టులు చేసే నాకు దాని విలువ అరగంట. అయితే ప్యాడ్ నుంచి ఏసీ పని ఆశించకూడదు. అది గదిలో ఉన్న గాలినే పంపుతుంది, గది 36 డిగ్రీల్లో ఉంటే ల్యాప్‌టాప్‌కు అందేదీ 36 డిగ్రీల గాలే. మే నెలలోనే తెల్లవారుజామున ఐదింటికి, గది కొంచెం చల్లబడ్డాక, ప్యాడ్ లేకుండా ఇదే పరీక్ష చేస్తే 89 వచ్చింది. అప్పటి నుంచి బరువైన ఎక్స్‌పోర్టులన్నీ వేకువనే పెడుతున్నాను, అదీ ప్యాడ్ మీదే. మధ్యాహ్నం కత్తిరింపులు, రంగులు దిద్దడం లాంటి పనులు మాత్రమే చేస్తాను. ఆ సమయంలో విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించుతాను. అలా చేస్తే నా ల్యాప్‌టాప్‌లో టర్బో వేగం (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి మామూలు కన్నా పెంచుకునే వేగం) ఆగిపోయి ఉష్ణోగ్రత 80 లోపే ఉంటోంది, ఆ పనులకు ఆ వేగం చాలు.

ఇక ప్యాడ్ డబ్బా మీద ఎవరూ రాయని సంగతి ఒకటుంది. కొన్న ఏడాదికి, రెండో వేసవి మొదట్లో, అంకెలు మళ్లీ 95కు ఎగబాకాయి. ప్యాడ్ ఫ్యాన్లు బలహీనపడ్డాయనుకున్నాను. ఆ ఆషాఢంలో పెళ్లిళ్లు లేని రోజులు చూసుకుని, కోఠిలో మాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లాను. అడుగు విప్పగానే కనిపించింది. ఫ్యానుకూ హీట్‌సింక్ రెక్కలకూ మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. "చూడమ్మా, ప్యాడ్ గాలి పంపుతుంది, గాలితోపాటు దీన్నీ పంపుతుంది" అన్నాడు. మా వీధిలో రెండేళ్లుగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు. రోజుకు పది గంటలు ఆ దుమ్మునంతా నేనే ఫ్యాను పెట్టి లోపలికి తోశానన్నమాట. ఆయన ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్షుతో దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని రాగి గొట్టాలకు అందించే థర్మల్ పేస్ట్ పాతది ఎండి పొడిగా రాలుతుంటే తుడిచి కొత్తది వేశాడు. 600 రూపాయలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి అదే ఘట్టం ఎక్స్‌పోర్ట్ చేస్తే 84! ప్యాడ్ తగ్గించిన దానికన్నా ఈ శుభ్రం చేయించడమే ఎక్కువ తగ్గించింది. రెండేళ్లు దాటిన ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని ప్యాడ్ కొనబోతున్నవారిని నేను ఆపేది ఇక్కడే: ముందు లోపల దులిపించండి, ఆ తరువాత కూడా వేడి తగ్గకపోతే ప్యాడ్ కొనండి. ఇప్పుడు ప్రతి ఆదివారం ప్యాడ్ జాలీని పెయింట్ బ్రష్షుతో దులుపుతాను, ప్రతి ఆషాఢంలో కోఠికి వెళ్తాను.

కేబుల్ గురించి కూడా చెప్పాలి. ఈ ప్యాడ్‌కు వచ్చిన కేబుల్ రెండు చివర్లా ఒకే రకం వెడల్పాటి యూఎస్‌బీ పిన్ను ఉండేది. రెండో ఏడు అది తెగితే మామూలు ఫోన్ దుకాణాల్లో దొరకలేదు, గుజరాతీ గల్లీలో దొరికింది. ఒకటి అదనంగా కొని పెట్టుకున్నాను. అలాంటి కేబుల్‌ను రెండు కంప్యూటర్ల మధ్య ఎప్పుడూ పెట్టకూడదు, పోర్టులు దెబ్బతినే ప్రమాదం ఉంది. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. పెద్ద ఫ్యాన్లకు మొదటిది ఇరుకు. పైగా బ్యాటరీ మీద పనిచేసేటప్పుడు ఆ విద్యుత్తు కూడా ల్యాప్‌టాప్ నుంచే పోతుంది. నేను పాత 5 వోల్టుల ఫోన్ ఛార్జర్‌కు తగిలించాను, ల్యాప్‌టాప్ పోర్టు హార్డ్ డిస్కుకు మిగిలింది.

శబ్దం సగం వేగంలో సీలింగ్ ఫ్యాను హోరులో కలిసిపోతుంది. పూర్తి వేగంలో మాత్రం మంత్రాల ధ్వని సరిచూసే పని ఇయర్‌ఫోన్లు లేకుండా చేయలేను. రెండున్నరేళ్లకు ఎడమ ఫ్యాను గరగరలాడటం మొదలైంది. మధ్యలోని స్టిక్కరు ఎత్తి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే నాలుగు నెలలు నిశ్శబ్దంగా తిరిగింది. మణికట్టు నొప్పి కూడా వచ్చింది, వెనక ఎత్తు పెరిగేసరికి కీబోర్డు వాలిపోతుంది. విడి కీబోర్డు కొన్నాక ఆ బాధ పోయింది. ఎక్కువగా టైపు చేసేవారు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

మా తమ్ముడి స్నేహితుడి దగ్గర చుట్టూ స్పాంజి అంచు ఉన్న ఖరీదైన రకం చూశాను. ల్యాప్‌టాప్ అడుగును స్పాంజి మూసేస్తుంది కాబట్టి గాలి పక్కలకు తప్పించుకోకుండా ఒత్తిడితో రంధ్రాల్లోకే వెళ్తుంది. నా ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే నా ప్యాడ్ మీదకన్నా ఇంకో ఐదు డిగ్రీలు తగ్గింది. కానీ శబ్దం మిక్సీలా ఉంది, ధర నాదానికి నాలుగింతలు. గంటలకొద్దీ పెద్ద గేములు ఆడేవారికి పనికొస్తుంది, పక్క గదిలో పసిపిల్లలు నిద్రపోయే మా ఇంటికి పనికిరాదు. ఇక 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ లాంటి, అసలు ఫ్యానే లేని ల్యాప్‌టాప్‌లు ఉన్నవారికి పైన చెప్పిన టిష్యూ పరీక్షే జవాబు ఇస్తుంది: గాలి పీల్చే చోటే లేనప్పుడు ప్యాడ్ మీద ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఇప్పుడు నా ప్యాడ్‌లో ఎడమ ఫ్యాను మళ్లీ గరగరలాడుతోంది, నూనెకు లొంగడం లేదు. జాలీ, కాళ్లు, కుడి ఫ్యాను చెక్కుచెదరలేదు. వచ్చే వైశాఖంలోపు ఆ ఒక్క ఫ్యానును మార్చాలని కొలత రాసుకున్నాను, అదే మందంలో 5 వోల్టులది కావాలి. అది దొరక్కపోతే మళ్లీ సీటీసీలో ఆ కుర్రవాడి దగ్గరికే వెళ్తాను, ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని.