క్రాక్‌పాట్ హాలా, ఓల్డ్ గ్యాంగా? స్వేల్‌డేల్‌లో ఒక్క పూటే ఉంటే ఏది మేలు?

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ఉత్తర కొసన ఉన్న స్వేల్ నది లోయ స్వేల్‌డేల్‌కు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకు ఈ రెండు శిథిలాల్లో ఒకటే కుదురుతుంది. రెండిటిదీ సీసం గనుల కథే. క్రాక్‌పాట్ హాల్ గనుల వల్ల పాడుబడ్డ ఇల్లు, ఓల్డ్ గ్యాంగ్ గనులు మూతపడ్డాక పాడుబడ్డ కార్ఖానా.

జీపీఎస్‌లో ఉత్త 'క్రాక్‌పాట్' అని కొట్టకండి. అదే పేరుతో లోయలో వేరే పల్లె ఉంది, అక్కడికి లాక్కెళ్తుంది. హాలుకైతే మ్యూకర్ ఊళ్లో కారు ఆపి నడవాలి. అసలు ఆ నడకే సగం చూడముచ్చట. జూన్‌లో పచ్చిక బయళ్ల నిండా పసుపు, ఊదా పూలు. మధ్యలో పరిచిన రాతి పలకల మీద ఒకరి వెనక ఒకరు నడవాలి, పక్కకు అడుగేస్తే తొక్కేది రైతు పశువుల మేతనే.

దారి పొడుగునా పొలాల్లో రాతి కొట్టాలు కనిపిస్తాయి. పైన ఎండుగడ్డి, కింద ఆవులు. చలికాలమంతా రైతే కొట్టం కొట్టానికీ తిరిగి మేత వేసేవాడు. పేడ ఆ పొలానికే ఎరువు. ఇప్పుడు గడ్డిని చుట్టలు చుట్టి ప్లాస్టిక్ కప్పేస్తున్నారు, పశువులు పెద్ద షెడ్లలో ఉంటున్నాయి. పనిలేని కొట్టానికి కప్పు మీద ఒక్క పలక జారితే చాలు, నీళ్లు దిగి దూలం పుచ్చుతుంది, ఆ తర్వాత గోడ కడుపు ఉబ్బుతుంది.

అవన్నీ దాటి పైకెక్కితే హాలు. పేరుకు హాలే (అక్కడ హాలంటే పెద్ద బంగళా) గానీ, 18వ శతాబ్దపు రైతు ఇల్లు. గనుల వల్ల కింద నేల కుంగిపోతుంటే 1950లలో వదిలేశారు. కూలిన గోడల పక్కన నిలబడి చూస్తే కింద నది వంపు తిరిగి మ్యూకర్ వైపు పోతుంటుంది. ఫొటోల్లో ఇది గెలవక ఏం చేస్తుంది!

ఓల్డ్ గ్యాంగ్ అంత అందగత్తె కాదు. సరెండర్ వంతెన దగ్గర దిగి వాగు పక్కన రాళ్ల బాటలో పోతే సీసం కరిగించిన కొలిమి గోడలు, ఒక పొగగొట్టం. చుట్టూ ఉన్న గని రాళ్ల కుప్పల మీద నేటికీ గడ్డి సరిగా మొలవదు, సీసం విషం అలాంటిది. పైన వాలు మీద మాత్రం ఆగి చూడాల్సింది ఒకటుంది. కొలిమికి కావలసిన పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఆరబెట్టి వంటచెరకులా కాల్చే మట్టి) ఆరబెట్టిన కొట్టు, నూరు మీటర్లకు పైగా పొడవు. గాలి ఆడాలని పక్కలకు గోడలు కట్టకుండా రాతి స్తంభాలు నిలబెట్టారు. కప్పు పోయింది, స్తంభాలు మిగిలాయి. 1880లలో సీసం ధర పడిపోయాక జనం డర్హమ్ బొగ్గు గనులకు, లాంకషైర్ నూలు మిల్లులకు వెళ్లిపోయారు.

పెద్దవాళ్లు వెంట ఉంటే ఓల్డ్ గ్యాంగే నయం, ఎక్కుడు తక్కువ. నడవగలిగితే, జూన్ అయితే, నా ఓటు క్రాక్‌పాట్‌కే. ఆగస్టులో అయితే మాట మారుస్తాను. అప్పటికి పచ్చిక కోసేసి ఉంటారు. ఓల్డ్ గ్యాంగ్ కొండల మీద మాత్రం హెదర్ పొదలు ఊదారంగులో పూసి ఉంటాయి. ఆ పీట్ కొట్టుకు కప్పు నేసింది ఆ హెదర్‌తోనే.