యూఎస్‌ఎస్ కిడ్: ఎనిమిదేళ్లు ఎక్కి దిగాక

అమెరికాలోని లూయిజియానాలో ఉన్న బాటన్ రూజ్‌కి వచ్చిన కొత్తలో, ఇంటికి చుట్టాలొస్తే ఏం చూపించాలో తెలిసేది కాదు. ఆ బెంగ తీర్చింది మ్యూజియంగా మార్చిన ఈ పాత యుద్ధనౌకే. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఇక్కడికే తీసుకొచ్చి తీసుకొచ్చి, చివరికి ఏడాది పాస్ కొనేశాను.

ముందు అసలు సంగతి. ఏ నెలలో వెళ్తున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. మిసిసిపీ నీటిమట్టం ఏడాదిలో 40 అడుగుల దాకా పెరిగి తగ్గుతుంది. అందుకని ఓడను నదిలోనే ఊయల లాంటి కట్టడంలో నిలబెట్టారు. వసంతంలో వరదొస్తే తేలుతుంది, నీళ్లు తగ్గాక అందులో కూర్చుండిపోతుంది. అప్పుడైతే అడుగుభాగం, ప్రొపెల్లర్లు కూడా కనిపిస్తాయి. మా అమ్మది రాజమండ్రి. రెండో ట్రిప్పులో చూసి, "పోయినసారి నీళ్లలో ఉంది కదరా! గోదారి రేవు మెట్లలాగే ఉందే దీని పని" అంది. రెండు కాలాల్లోనూ చూస్తేనే పాస్ డబ్బులు గిట్టుబాటు.

1943 ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని కెర్నీలో నీళ్లలోకి దిగిన డిస్ట్రాయర్, అంటే వేగంగా పోయే యుద్ధనౌక ఇది. జపాన్ చేసిన పెర్ల్ హార్బర్ దాడిలో అరిజోనా అనే యుద్ధనౌక మీద చనిపోయిన రియర్ అడ్మిరల్ ఐజాక్ కిడ్ పేరు పెట్టారు. సిబ్బందికి మాత్రం ఆ పేరు వినగానే సముద్రదొంగ కెప్టెన్ కిడ్ గుర్తొచ్చాడు. అడ్మిరల్ గారి భార్య కూడా సరేనన్నారు. దాంతో ముందు పొగగొట్టం మీద కత్తి పట్టిన దొంగ బొమ్మ వెలిసింది. సముద్రంలో పడిన పైలట్లను కాపాడి, వాళ్ల విమానవాహక నౌకకు అప్పగించడానికి ఐస్‌క్రీమ్ అడిగేవాళ్లట. మా వాడికి యుద్ధమంతా మర్చిపోయినా ఇదొక్కటీ గుర్తుంది.

ఇదే నమూనాలో 175 ఓడలు కట్టారు. చాలావాటిని తర్వాత మార్చేశారు, కిడ్‌ని పెద్దగా ముట్టుకోలేదు. కొరియా యుద్ధం కూడా చేసి 1964లో రిటైరైంది. బాటన్ రూజ్‌కి 1982లో వచ్చింది. 1945లో ఎలా ఉండేదో అలాగే తీర్చిదిద్దారు.

నేను ప్రతిసారీ ఆగే చోటు ఒకటుంది. కుడి పక్క, ముందు బాయిలర్ గది దగ్గర. 1945 ఏప్రిల్ 11న ఒకినావా దగ్గర జపాన్ ఆత్మాహుతి విమానం గుద్దింది అక్కడే. 38 మంది పోయారు, 55 మంది గాయపడ్డారు. బాంబేమో ఓడలోంచి దూసుకుపోయి ఎడమ పక్క బయట పేలింది. ఈ అంచు నుంచి ఆ అంచుకి నడిచి చూశాను, నాకు పదిహేను అంగలు. అంత సన్నటి ఓడ. మొదటిసారి అంకెలు చదివి ముందుకెళ్లిపోయాను. నాలుగోసారో ఐదోసారో అవతలి కొసకి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే గానీ ఆ బాంబు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో బుర్రకెక్కలేదు.

మా వాడి స్కౌట్ క్యాంపు పుణ్యమా అని ఒక రాత్రి లోపల పడుకున్నాను. గొలుసులకు వేలాడే మూడంతస్తుల మంచాలు. నాకు దక్కింది పైది. ముక్కుకి జానెడు దూరంలో పైపు. పక్కకి తిరిగితే గొలుసు కిర్రుమంటుంది, ఎవరికి మెలకువొస్తుందోనని టెన్షన్. 376 అడుగుల ఓడలో మూడు వందల పైచిలుకు మంది ఇలాగే నెలలు గడిపారు. నేను తెల్లారేదాకా గడియారం చూస్తూనే ఉన్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. మెట్లు దాదాపు నిచ్చెనలే. చీరతో కష్టమని అమ్మ డెక్ మీదే ఉండిపోయింది. జూలైలో ఇనుము పెనంలా కాలుతుంది, పొద్దున్నే వెళ్లిపోవాలి. నాన్న వైజాగ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చిన మనిషి. "దానికంటే ఇది నయం, నడుం వంచక్కర్లేదు" అంటూనే తర్వాతి గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర నాన్న బొప్పికి.

2024 ఏప్రిల్‌లో మరమ్మతులకని హౌమా ఊళ్లోని డ్రై డాక్‌కి, అంటే నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే చోటికి తీసుకెళ్లారు. నలభై ఏళ్లకు పైగా అక్కడే ఉన్న ఓడ. వరద నీళ్లు తేల్చిన నెలలోనే దాన్ని లాక్కెళ్లే టగ్ బోట్లు వచ్చాయి. తర్వాతి ఆదివారం అలవాటుకొద్దీ కరకట్ట మీదికి వెళ్లాం. ఊయల ఖాళీగా ఉంది, మధ్యలోంచి నది పోతోంది.